చెరువు కట్ట మీద నావికుడు

మిరప నారు పోసిన నాటి నుంచి కాయల టిక్కీ (బస్తా) గుంటూరు మిర్చి యార్డు గేటు దాటే నాటికి దాదాపు ఎనిమిది నెలలు గడుస్తాయి. ఈలోపు రైతు తీసుకునే నిర్ణయాలకు అంతుండదు. తేజ రకం వెయ్యాలా, 341 రకం వెయ్యాలా? తడి ఇప్పుడే పెట్టాలా, మబ్బు చూసి రెండు రోజులు ఆగాలా? మందు ఈ వారం కొట్టాలా, వచ్చే వారమా? కోసిన కాయను వెంటనే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూడాలా? తీరా లెక్క తేలాక వెనక్కి తిరిగి చూసుకుంటే, వీటిలో ఏ నిర్ణయం నిలబెట్టింది, ఏది ముంచింది అని విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. 2021-22లో నల్ల తామరపురుగు విరుచుకుపడ్డప్పుడు అన్నీ సరిగ్గా చేసినవాళ్ళ తోటలు కూడా పోయాయి. ఇంకో ఏడు, చేనువైపు సరిగ్గా చూడనివాడికి ధర కలిసొస్తుంది. పత్తిలో గులాబీ రంగు పురుగు సంగతీ అంతే. కమిషన్ కొట్టు నడిపేవాళ్ళకు, జిన్నింగు మిల్లు నడిపేవాళ్ళకు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కూడా బతుకు ఇలాగే ఉంటుంది. ఇవాళ్టి పనికి జవాబు ఎప్పుడో వస్తుంది. వచ్చినప్పుడు పది కారణాలతో కలగలిసి వస్తుంది.

నిర్ణయాల మీద పరిశోధన చేసిన రాబిన్ హోగార్త్ ఈ తేడాను వివరంగా చెప్పాడు. కొన్ని పనుల్లో చేసినదానికి ఫలితం వెంటనే, స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ అనుభవం మనిషికి నిజమైన పాఠం నేర్పుతుంది. మరికొన్ని పనుల్లో ఫలితం ఆలస్యంగా, మసకగా వస్తుంది. అక్కడ ముప్పై ఏళ్ళ అనుభవం కూడా తప్పు పాఠం నేర్పగలదు. 2009లో డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ కలిసి రాసిన వ్యాసంలోనూ ఇంచుమించు ఈ మాటే ఉంది: పరిసరాల్లో ఒక క్రమం ఉండి, దాన్ని పట్టుకునేంత సాధన దొరికినప్పుడే మనిషి అంచనా మీద మనం భరోసా పెట్టుకోవచ్చు.

మన మెట్ట సేద్యం ఆ రెండో రకంలోకి వస్తుంది. దాన్ని మార్చే శక్తి మనకు లేదు. కానీ వారంలో ఒక గంటైనా మొదటి రకం పనిలో గడపడం మన చేతిలో ఉంది. చూడటం, తేల్చుకోవడం, చెయ్యడం, ఏమైందో మళ్ళీ చూడటం అన్నవి మనసుకు అలవాట్లు. వాడకపోతే అవి మొద్దుబారిపోతాయి. మొద్దుబారిన మనిషి అన్నిటినీ అదృష్టం మీదకు నెట్టేయడం మొదలుపెడతాడు. నాకు ఈ ప్రాంతంలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఎంతో తెలిసిన రైతు, వ్యాపారి కూడా ఒక వయసు వచ్చేసరికి 'అంతా మన రాత' అనేసి ఊరుకోవడం.

అందుకని ఈ అధ్యాయంలో మీకు ఒక వ్యాపకం చెబుతున్నాను: రేడియోతో నడిపే చిన్న తెరచాప పడవ. దానికి మోటారు ఉండదు, నడిపించేది గాలి ఒక్కటే. మీరు చెరువు కట్ట మీద నిలబడతారు. చేతిలో రిమోట్ ఉంటుంది. అందులో మీకు పనికొచ్చే మీటలు రెండే. ఒకటి చుక్కానిని తిప్పుతుంది, ఇంకొకటి తెరచాపను బిగిస్తుంది, వదులు చేస్తుంది. చుక్కాని పొరపాటుగా తిప్పితే పది సెకన్లలో పడవ నిలబడిపోయి ఆ సంగతి చెప్పేస్తుంది. సరిగ్గా తిప్పితే అంతే తొందరగా వేగం పుంజుకుంటుంది. మధ్యలో దళారీ లేడు, ధర లేదు, పురుగు లేదు. చెస్సు, క్యారమ్సు, షటిలు కూడా వెంటనే జవాబు చెప్పే ఆటలే, కాదనను. కానీ వాటిలో ఎదురుగా ఉండేది మనిషి. ఇక్కడ ఎదురుగా ఉండేది గాలి. మన బతుకులు ముడిపడి ఉన్నది గాలితో, వానతో కాబట్టి ఈ సాధన మనకు మరింత దగ్గరది.

ఇది పిల్లలాట అని నవ్వేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు రెండు సంగతులు చెప్పండి. తీగ లేకుండా దూరం నుంచి వస్తువును నడపడాన్ని లోకం మొదట చూసింది ఒక చిన్న పడవలోనే. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటి తొట్టెలో దాన్ని నడిపి చూపించినవాడు నికోలా టెస్లా. ఇవాళ ఈ ఆటకు అంతర్జాతీయ సంఘం ఉంది, పెద్ద పడవల పోటీ నియమావళిలోనే దీనికి ప్రత్యేకమైన అనుబంధం ఉంది. 1988లో రూపుదిద్దుకున్న 'ఇంటర్నేషనల్ వన్ మీటర్' తరగతిలో పడవ పొడవు మీటరు దాటకూడదు, బరువు 4 కిలోలకు తగ్గకూడదు, రేడియో రెండు పనులకు మించి చెయ్యకూడదు. అందులో ప్రపంచ పోటీలకు దిగేది ఎక్కువగా పెద్దవాళ్ళే. ఈత రానివాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా కుర్రాళ్ళతో సమానంగా ఆడగల ఆట ఇది.

ఈ నేలకు తెరచాప కొత్త కాదు

పత్తి, మిరప పండే నల్లరేగడి మీద పడవ ఏమిటని మీకే అనిపించవచ్చు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మ్యాపు తీసి తూర్పు అంచు చూడండి. చీరాల పక్కన మోటుపల్లి. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం ఇప్పటికీ ఉంది. అంతకుముందు రాజులు గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాగేసుకునేవాళ్ళు. గణపతిదేవుడు సుంకం మాత్రమే తీసుకుని, మిగతా సొత్తు వర్తకులకే వదిలేస్తానని మాట ఇచ్చాడు. గాలి చేసిన నష్టానికి మనిషిని దోచుకోకూడదని ఒక రాజు రాతి మీద చెక్కించింది మన తీరంలోనే. ఇంకా వెనక్కి వెళితే, శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ కనిపిస్తుంది. నిజాంపట్నం రేవుకు 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చింది.

సముద్రం దాకా పోనక్కరలేదు. దుగ్గిరాల దగ్గర మొదలై పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువలో కలిసే కొమ్మమూరు కాలువ మీద, లారీలు రాజ్యం చెయ్యకముందు, సరుకు పడవలు తిరిగేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గట్టు మీద నుంచి తాడుతో లాగేవాళ్ళు. ఆ తెరచాప గుడ్డ నూలుది. మన పత్తి ఒకప్పుడు గాలిని పట్టిన గుడ్డ కూడా అయింది. ఆ కాలువ వెంబడి ఊళ్ళలో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, పడవ కొనకముందే వెళ్ళి కూర్చుని అడగండి. ఏ నెలలో ఏ వేళకు ఏ గాలి వీస్తుందో మీకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు.

మొదటి పడవ

మొదటిసారే మీటరు పడవ జోలికి పోకండి. 65 సెంటీమీటర్ల పడవ చాలు. ఈ కొలతకు 'ఆర్‌జీ 65' అని అర్జెంటీనాలో పుట్టిన తరగతి ఒకటుంది. పడవ పొడవు 65 సెంటీమీటర్లు, తెరచాపల మొత్తం వైశాల్యం 2,250 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు. ఈ పరిమాణంలోనే తయారుగా దొరికే 'డ్రాగన్‌ఫోర్స్ 65' వల్ల చాలా దేశాల్లో కొత్తవాళ్ళు ఈ ఆటలోకి వచ్చారు. విడిభాగాలు విడిగా దొరుకుతాయి, తోటివాళ్ళ పడవా మీ పడవా అచ్చంగా ఒకటే కాబట్టి ఓడితే పడవ మీదకు నెట్టడానికి వీలుండదు. మొదటి ఏడాదికి నా ఓటు కొన్న పడవకే. తయారీలో ఆరు నెలలు మునిగిపోయి నీటి ముఖం చూడనివాళ్ళు ఎక్కువ.

చేత్తో చెయ్యాలని గట్టిగా ఉంటే మాత్రం మన పక్కనే మంచి కలప ఉంది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, చిన్న ఉలికి కూడా లొంగుతుంది. బొమ్మలకు అతుకులు వేసే చింతగింజల మక్కు మాత్రం నీటికి పనికిరాదు, ఎపాక్సీ జిగురు వాడాలి. చెక్కడం అయ్యాక లోపలా బయటా ఎపాక్సీ పూత పెట్టకపోతే కలప నీళ్ళు తాగి బరువెక్కుతుంది. తెరచాపకు సన్నని పాలిస్టర్ ఫిల్ము గానీ, గాలిపటాలకు వాడే నైలాన్ గుడ్డ గానీ మంచిది. ఆకారం కత్తిరించడం నేర్చుకోవడానికి మిరప బోదెల మీద పరిచే మల్చింగ్ షీటు ముక్క బాగానే ఉంటుంది, కానీ ఎండకు సాగుతుంది, దాంతోనే సరిపెట్టుకోవద్దు.

పడవ అడుగున కిందికి దిగే రెక్క, దాని చివర బరువు ఉంటాయి. గాలి తెరచాపను ఒరగదోస్తుంటే నిలబెట్టేది ఆ బరువే. మొత్తం బరువులో సగం అటూ ఇటూ అక్కడే ఉంటుంది. సీసం అన్నిటికంటే అనువైనది. అది విషం కూడా. పాత బ్యాటరీలు పగలగొట్టి ఇంట్లో సీసం కరిగించే పని ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు కొని, ఒక గొట్టంలో పేర్చి, ఎపాక్సీ పోసి మూసేస్తే సరిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి.

విద్యుత్ సామాను కొద్దిగానే: చుక్కానికి ఒక సర్వో (రిమోట్ చెప్పినంత మేర తిరిగే చిన్న పరికరం), తెరచాప తాళ్ళకు బలమైన సర్వో ఒకటి, రిసీవరు, నాలుగు రీచార్జి సెల్లులు. రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌ది కొనండి. ఈ బ్యాండును మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకు విడిగా లైసెన్సు లేకుండా వాడనిస్తున్నారు. ఈ తరంగాలు నీళ్ళలోంచి పోలేవు కాబట్టి రిసీవరు తీగ పడవ పైకప్పుకు ఆనుకుని, నీటి మట్టానికి వీలైనంత ఎత్తున ఉండాలి. రిసీవరును ఒక బెలూనులో పెట్టి మూతి బిగించి కట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ దానికి మించింది లేదు. ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత పడవ. ఆపేటప్పుడు ముందు పడవ, తర్వాత రిమోట్. ఈ వరస తప్పితే సర్వో ఇష్టమొచ్చినట్టు తిరిగి తాళ్ళు తెంపుకోవచ్చు.

నీళ్ళు ఎక్కడ

ఇక్కడ తొందర పనికిరాదు. మన వైపు నీళ్ళున్న ప్రతి చోటూ పడవ తిప్పే చోటు కాదు.

సాగర్ కుడికాలువ నుంచి నింపుకునే ఊరి చెరువులు చాలావాటికి చుట్టూ కట్ట, మధ్యలో చెట్టూ చేమా లేని నీళ్ళు ఉంటాయి. తెరచాపకు ఇంతకంటే ఏం కావాలి? కానీ అవి ఊరి తాగునీళ్ళు. ముందు పంచాయతీకి చెప్పండి. మోటారు లేదు, నూనె లేదు, నీళ్ళలోకి మనిషి దిగడు అన్న మూడు మాటలు విడమరిచి చెబితే పని తేలికవుతుంది. చేపల పాట పాడుకున్నవాళ్ళు ఎవరో కనుక్కుని వాళ్ళకూ చెప్పాలి. పడవ అడుగు రెక్క వాళ్ళ వలలో చిక్కుకుంటే వల చిరిగేది వాళ్ళది. పట్టణాల్లోని సమ్మర్ స్టోరేజి ట్యాంకుల కట్ట మునిసిపాలిటీ అనుమతి లేకుండా ఎక్కవద్దు.

నీటిలో మలుపు గుర్తులకు తేలే డబ్బాలు కావాలి. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వాడవద్దు. ఈ ఒక్క మాట నేను రెండుసార్లు చెప్పడానికైనా వెనుకాడను: తాగే నీళ్ళలో మందు డబ్బా పెట్టకూడదు, వట్టి డబ్బా అయినా సరే. కూల్‌డ్రింకు సీసాలకు రంగు వేసి, నైలాన్ తాడుతో రాయి కట్టి వదలండి. ఆట అయ్యాక తీసేయండి.

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు క్వారీ గుంతల్లో నీళ్ళు నీలంగా, లోతుగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. అటు పోనే వద్దు. నిలువు గోడల మధ్య గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి పడవ నడవదు. అంచున కాలు జారితే పట్టు దొరకదు. ఉప్పలపాడు లాంటి చోట్ల కొంగలు, గూడబాతులు గూళ్ళు పెట్టే చెరువుల్లోనూ వద్దు. ఆ చెరువులు పక్షులవి. గుర్రపు డెక్క కమ్మిన చెరువు కూడా దండగే. ఒక్క కాడ చుక్కానికి తగులుకున్నా పడవ అక్కడే ఉండిపోతుంది. పెద్ద నీళ్ళు కావాలనుకునేవాళ్ళకు విజయనగర కాలపు కంభం చెరువు ఉంది. అయితే మొదటి ఏడాది అంత విశాలం అక్కరలేదు. వంద మీటర్లు దాటితే తెరచాప ఎటు తిరిగిందో కంటికి ఆనదు.

పడవ నీటి మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలన్నది ముందే తేల్చుకుని వెళ్ళండి. నీళ్ళలోకి దిగి తెచ్చుకోవడం అన్న ఆలోచన మొదటే కొట్టేయండి. చెరువు అడుగున బురద, తీగలు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. గాలి దాన్ని ఏదో ఒక ఒడ్డుకు చేరుస్తుంది, ఆగండి. ఆగలేకపోతే గాలపు కర్రకు బంతి కట్టి పడవ అవతలికి విసిరి, దారంతో మెల్లగా లాగండి. పడవ పైకప్పు మీద మీ ఫోన్ నంబరు చెరగని ఇంకుతో రాసుకోండి. ఉరుము వినపడిందా, కట్ట దిగండి. చుట్టూ చదునైన నేలలో మీరే ఎత్తైన వస్తువు.

గాలిని చూడటం

మందు కొట్టినవాళ్ళకు ఈ విద్యలో సగం ఇప్పటికే వచ్చు. చేలో ఎవరూ గాలికి ఎదురుగా స్ప్రేయరు పట్టరు. గాలి పోయే వైపు అంచు నుంచి మొదలుపెట్టి, గాలికి అడ్డంగా నడుస్తూ, సాలు సాలుకూ గాలి వచ్చే వైపు జరుగుతారు. తూర్పారబట్టిన పెద్దవాళ్ళు చాట ఎత్తేముందు ఒక్క క్షణం ఆగి చెంప మీద గాలిని చూసుకునేవాళ్ళు. పడవ నడపడానికి కావలసిన మొదటి జ్ఞానం అదే. కట్ట ఎక్కగానే రిమోట్ తీయకండి. ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. చిటికెడు దూది గాలిలో వదిలి ఎటు పోతుందో చూడండి. పాత క్యాసెట్ టేపు ముక్క ఒకటి కర్రకు కట్టి కట్ట మీద పాతితే ఆటంతసేపూ గాలి చెబుతూ ఉంటుంది.

తర్వాత నీటిని చూడండి. గాలి విసురు వచ్చే చోట నీటి ముఖం గరుకుగా, కాస్త నల్లగా మారుతుంది. ఆ మచ్చ చెరువు మీద కదులుతూ వస్తుంది. పడవను అది తాకేలోపు మీకు నాలుగైదు సెకన్ల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని వాడుకోవడమే ఈ ఆటలో అసలు నైపుణ్యం. విసురు తాకాక తెరచాప వదిలేవాడికీ, తాకకముందే వదలడానికి సిద్ధంగా ఉన్నవాడికీ మధ్య తేడా మొదటి రోజే తెలిసిపోతుంది. నునుపుగా మెరిసే నీరు గాలి లేని చోటు. అక్కడికి వెళితే ఇరుక్కుంటారు. కట్ట మీద సర్కారు తుమ్మ గుబురుగా ఉంటే ఆ చెట్ల ఎత్తుకు చాలా రెట్ల దూరం దాకా గాలి చెదిరిపోయి ఉంటుంది. గాలి నేరుగా నీటి మీదికి దిగే వైపు చూసుకుని నిలబడాలి.

చీరాల, బాపట్ల, ఒంగోలు వైపు వేసవిలో మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి లేస్తుంది. నిలకడైన గాలి, నేర్చుకునేవాళ్ళకు వరం. లోపలికి, నరసరావుపేట, వినుకొండ వైపు మే, జూన్‌లలో పడమటి గాలి వేడిగా, విసురు విసురుగా కొడుతుంది. సాయంత్రం ఐదు దాటాకే వెళ్ళండి. జులైలో అదే గాలి ఇంకా బలపడుతుంది, చిన్న తెరచాప కట్టుకోవాలి. చలికాలం పొద్దున్నే మంచుతో పాటు గాలి నిద్రపోతుంది. ఆకులూ సన్నని రెమ్మలూ ఆగకుండా కదులుతున్నాయంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టు. 65 సెంటీమీటర్ల పడవకు అది చక్కటి గాలి. దుమ్ము, కాగితాలు లేస్తుంటే 20 దాటింది, కొత్తవాళ్ళు ఆ రోజుకు చూసి రావడం మేలు.

మొదటి సాయంత్రాలు

మొదట గాలి పక్క నుంచి తగిలేలా పడవను అటూ ఇటూ నడపండి. కట్టకు సమాంతరంగా వెళ్ళి, తిరిగి, అదే దారిన రావాలి. రెండు సీసాలు నీళ్ళలో పెట్టుకుని వాటి చుట్టూ తిరగండి. గాలికి ఎదురెక్కడం, గాలితో పాటు పోవడం తర్వాత.

ఇక్కడే అందరినీ తికమక పెట్టే సంగతి ఒకటి ఎదురవుతుంది. పడవ మీ నుంచి దూరంగా పోతున్నప్పుడు మీ కుడి దాని కుడి ఒకటే. మీ వైపు వస్తున్నప్పుడు తారుమారు. చేతులు తప్పు చేస్తాయి. దీనికి మందు ఒకటే: పడవ ఎటు పోతుంటే మీ భుజాలు అటే తిప్పండి, అవసరమైతే వీపు పడవ వైపు పెట్టి భుజం మీదుగా చూడండి. పడవలో కూర్చున్నట్టు ఆలోచించడం అలవాటైతే కొన్నాళ్ళకు ఒళ్ళు తిప్పే పని ఉండదు.

తెరచాపకు ఒకే సూత్రం. వదలండి, ముందంచు రెపరెపలాడే దాకా వదలండి. తర్వాత ఆ రెపరెప ఆగేంత వరకే బిగించండి, అంతకంటే ఒక్క పిసరు కూడా వద్దు. దాదాపు అందరు కొత్తవాళ్ళూ అవసరానికి మించి బిగిస్తారు. బిగిస్తే పడవ గట్టిగా ఒరుగుతుంది, హడావుడిగా కనిపిస్తుంది, ముందుకు మాత్రం పోదు. కమతం మీద, కొట్టు మీద, పిల్లల చదువు మీద మనం పెట్టే పట్టు గురించి కూడా నాకు ఇదే అనుమానం ఉంది. కానీ ఆ మాట మీరు నమ్మనక్కరలేదు. పడవ దగ్గర వదిలి చూడండి, వేగం పెరగడం కళ్ళారా కనిపిస్తుంది.

గాలి వచ్చే దిక్కుకు ఇటూ అటూ సుమారు 45 డిగ్రీల లోపు మామూలు తెరచాప పడవ పోలేదు. అటు చేరాలంటే ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వంకరగా ఎక్కాలి. మలుపు తిప్పేటప్పుడు పడవకు తగినంత వేగం ఉండాలి. లేకపోతే ముక్కు గాలికి ఎదురుగా పెట్టి నిలబడిపోతుంది. అప్పుడు చుక్కాని అటూ ఇటూ ఊపవద్దు. తెరచాప పూర్తిగా వదిలి ఊరుకోండి. పడవ మెల్లగా వెనక్కి జారుతుంది. వెనక్కి జారేటప్పుడు చుక్కాని పని తలకిందులవుతుందని గుర్తుంచుకుని ఒక వైపుకు పట్టి ఉంచితే, ముక్కు పక్కకు తిరిగి మళ్ళీ గాలి అందుతుంది.

ప్రతి సాయంత్రం ఒక్క ప్రశ్న పెట్టుకుని వెళ్ళండి. 'ఇవాళ విసురును తాకకముందే ఎన్నిసార్లు చూశాను' అన్నదైనా సరే, 'మలుపులో ఎన్నిసార్లు ఆగిపోయాను' అన్నదైనా సరే. ఇంటికి వచ్చి రెండు వాక్యాలు రాసుకోండి. గెలుపోటములు రాయవద్దు. ఏం చూశాను, ఏం చేశాను, ఏమైంది అన్న మూడే ఉండాలి. నెల తిరిగేసరికి మీ చూపు ఎక్కడ మెరుగైందో ఆ కాగితమే చెబుతుంది. ఆ అలవాటు చేతికి వచ్చాక అదే పుస్తకంలో వెనక పేజీల నుంచి పొలం నిర్ణయాలు కూడా అదే పద్ధతిలో రాయండి: ఫలానా రోజు, ఇది చూసి, ఇలా తేల్చుకున్నాను, ఎందుకంటే ఇది. ఎనిమిది నెలల తర్వాత ఫలితం వచ్చినప్పుడు, ఆ రోజు మీ తలలో ఏముందో మీరు కల్పించుకోకుండా ఉంటారు. ఆలస్యంగా జవాబిచ్చే పనుల్లో మనం చెయ్యగలిగిన మేలు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

రెండో పడవ వచ్చాక

ఒంటరిగా తిప్పితే ఆరు నెలలకు విసుగొస్తుంది. రెండో పడవ ఉంటే ఏళ్ళు గడిచిపోతాయి. పక్కన ఇంకొకరు వేగంగా పోతుంటేనే మీరు నెమ్మదిగా ఉన్నారని తెలుస్తుంది. నియమాలు పెద్ద చిక్కువేం కావు. గాలి కుడి వైపు నుంచి తగులుతున్న పడవకు, ఎడమ వైపు నుంచి తగులుతున్నది దారి ఇవ్వాలి. ఇద్దరికీ ఒకే వైపు నుంచి తగులుతుంటే, గాలి వచ్చే వైపున ఉన్న పడవ అవతలి పడవకు దారి ఇవ్వాలి. వెనక ఉన్నది ముందున్నదానికి తగలకూడదు. సీసాకు తగిలినా, దారి ఇవ్వకపోయినా ఒక పూర్తి చుట్టు తిరిగి ముందుకు పోవాలి.

ఆ చుట్టు ఎవరో ఈల వేసి తిప్పించేది కాదు. తప్పు చేశానని తెలిసినవాడు తానే తిరగాలి. పెద్ద పడవల పోటీల్లోనూ ఈ ఆట పునాది ఇదే. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఎవరూ చూడని తగులుడుకు తానే చుట్టు తిరగడం చూస్తే, వ్యక్తిత్వం గురించి రాసే మాలాంటి వాళ్ళకు ఇంక చెప్పవలసింది పెద్దగా ఉండదు. అందుకే ఇంట్లో పిల్లలుంటే వాళ్ళనూ పిలవండి. అల్లరి చేసినా పిలవండి. రిమోట్ వాళ్ళ చేతికిచ్చాక సలహాలు మానేయండి, ఎందుకంటే పడవే చెబుతుంది.

మీ ఊళ్ళో కాలేజీ పిల్లలెవరైనా ఎన్‌సీసీ నావికా విభాగంలో ఉన్నారేమో కనుక్కోండి. అఖిల భారత నౌ సైనిక్ శిబిరంలో ఓడ నమూనాల తయారీ ఒక పోటీ అంశం కాబట్టి, చేతిపని వచ్చిన కుర్రాళ్ళు అక్కడ దొరుకుతారు. హైదరాబాదు వెళ్ళే పని పడితే ఒక పూట హుస్సేన్ సాగర్ గట్టు మీద గడపండి. అక్కడ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకు నిజం పడవల మీద శిక్షణ ఇస్తున్నాయి. మలుపులో తెరచాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఎలా మారుతుందో ఆ పెద్ద తెరచాపల్లో చూస్తే, మీ చిన్న పడవలో జరిగేది అర్థమవుతుంది.

వేళ విషయంలో కచ్చితంగా ఉండండి. వారానికి ఒక సాయంత్రం, ఇంట్లో అందరికీ తెలిసిన సాయంత్రం. యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజుల్లో రెండు చేసుకోవచ్చు. ఖర్చు కూడా ముందే రాసుకోండి. ఒక పడవ నీళ్ళలో ఏడాది తిరగకముందే రెండోది కొనవద్దు. ఆగస్టు, సెప్టెంబరులో నారు నాటే పని మొదలైతే సిగ్గుపడకుండా ఆపేయండి. సెల్లులు తీసేసి, పడవ మూత తెరిచి తేమ ఆరనిచ్చి, తెరచాపలు మడత పెట్టకుండా గోడకు వేలాడదీయండి. తాళ్ళు, సర్వో చేతులు ఒకసారి సరిచూసుకుని, అరిగినవి ఏవో చీటీ రాసి పడవలోనే పెట్టండి. మళ్ళీ తీసే రోజున ముందు కట్ట చుట్టూ నడిచి గుర్రపు డెక్క ఎంత పెరిగిందో, చేపల పాట ఈసారి ఎవరు పాడారో కనుక్కోండి. పాట చేతులు మారితే అనుమతి మళ్ళీ అడగాలి.